రెండో బుష్

స్లిప్ అంటే అప్పటిదాకా నాకు తెలిసింది
నెలాఖరున క్యాంపు బాస్ పంచే జీతం కాగితమే.
సొహార్‌లో, ఉప్పునీళ్ళను తాగునీళ్ళు చేసే ప్లాంటులో,
మూడో నంబరు పంపు పక్కన
ఇంజనీరు హైతమ్ ఇంకో స్లిప్ గురించి చెప్పాడు,
సగం హిందీలో, సగం చేతుల్తో.

ఇరుసు తిరుగుతూ నూనెను వెంట లాక్కుపోతుంది.
సందు సన్నబడే చోట నూనె ఇరుక్కుని
ఎదురుతిరిగి ఇరుసునే పైకెత్తుతుంది.
రెండు టన్నుల బరువు
వెంట్రుకలో సగం మందం లేని కందెన మీద తేలుతుంది.
గోడను తాకిన నూనె గోడకే అతుక్కుంటుందని
చదువుకున్న పుస్తకాలన్నీ చెప్పాయట.
అతుక్కోకుండా జారితే?
రాపిడి తగ్గుతుంది, కరెంటు మిగులుతుంది.
అందుకే లోపలంతా నల్లటి పూత పూసిన బుష్ తెప్పించాడు.
వేలు పెడితే, పెట్టినట్టే తెలియలేదు.

లింబాద్రన్న దాన్ని ముక్కుదాకా తెచ్చుకుని చూశాడు.
ఆర్మూరు అవతల ఊరు. ఇరవై రెండేళ్ళుగా బేరింగులే సంసారం.
"మస్తు నున్నగుంది" అన్నాడు.
మెచ్చుకున్నాడో జంకాడో తేలలేదు.

జులై. రాత్రి రెండింటికీ ఇనుము చెమట పడుతోంది.
మొదటి గంట అందరం నవ్వాం.
ఆంపియర్లు దిగాయి, హైతమ్ మీటరుకు ఫోటో తీశాడు.
రెండో గంటలో అరవై ఎనిమిది డిగ్రీలు.
డెబ్బై తొమ్మిది.
బేరింగు పెట్టె మీద అరచేయి ఆనించిన లింబాద్రన్న
చర్మం కమిలేదాకా తీయలేదు.
తొంభై నాలుగు దగ్గర అలారం.
పంపు ఆగాక
ఆ షెడ్డులో మొదటిసారి సముద్రం వినిపించింది.

విప్పి చూస్తే
నల్లపూత అడుగున చిరిగిపోయింది,
తెల్లలోహం కరిగి జారి
గిన్నె అంచున మీగడలా ముడతలు పడింది.
హైతమ్ నూనె మరకల్లోనే చతికిలబడ్డాడు.
ఇరవై ఆరేళ్ళవాడు, తెల్లటి సాక్సులు.
అంతటా జారితే, వచ్చిన నూనె వచ్చినట్టే పోయింది.
మోయడానికి ఏ చుక్కా ఆగలేదు.
ఈ మాట అతనన్నాడో నేననుకున్నానో గుర్తులేదు.

లింబాద్రన్న గ్యాస్కెట్ కాగితం చింపి
తునికాకులా కత్తిరించాడు.
"మా అమ్మ దినాం వెయ్యి బీడీలు చుట్టేది. సూడు సార్.
మొదట్ల ఆకు బొటనేలు కింద జారాలె,
జారకుంటే చుట్టుకోదు.
ఆఖర్ల పట్టాలె,
పట్టకుంటే తంబాకంత ఒళ్ళె పడ్తది.
నీ బుష్ షురూ నుంచి ఆఖరిదాంక జారుడే."
నేను హిందీ చేశాను. తంబాకుకి అనువాదం అక్కర్లేకపోయింది.
హైతమ్ ఆ కాగితం బీడీని జేబులో వేసుకున్నాడు.

ఆ తెల్లవారి క్యాంపులో పై బంకు మీద పడుకుని
నా లెక్క నేను చూసుకున్నాను,
ఎక్కడెక్కడ జారానో, ఎక్కడ పట్టుకుని ఉండాల్సిందో.
ఆ లెక్క ఇక్కడ రాయను.

నవంబరులో రెండో బుష్ వచ్చింది.
నూనె లోపలికొచ్చే వైపు మూడో వంతు మాత్రమే నలుపు.
మిగతాది మామూలు తెల్లలోహం,
నీలంరంగు పూసి, గీకి, మళ్ళీ పూసి, మళ్ళీ గీకి
మేం నాలుగు రోజులు కూర్చోబెట్టినది.
జారుతూ వచ్చిన నూనె
పట్టున్న చోట తొందర మాని, గుమిగూడి,
ఇరుసుకి భుజం ఇచ్చింది.
యాభై ఎనిమిది డిగ్రీలు. ఆరు గంటలైనా యాభై ఎనిమిదే.
హైతమ్ ఈసారి ఫోటో తీయలేదు.

చూడటానికి లింబాద్రన్న లేడు.
అక్టోబరులోనే కాంట్రాక్టు అయిపోయింది,
ప్యాకింగ్ డబ్బాలో తన గీకుడు కత్తి నాకిచ్చి వెళ్ళాడు.
పంపు చప్పుడు నలభై సెకన్లు రికార్డు చేసి పంపాను.
మాటేమీ జత చేయలేదు.

గంట తర్వాత జవాబు వచ్చింది:
"బుష్ మంచిగున్నది.
ఎడమ దిక్కు పునాది బోల్టు లూజున్నది, సూడు."

పాన పట్టుకుని వెళ్ళాను.
పావు చుట్టు తిరిగింది.